పాటకీ పాటకీ మధ్య కీబోర్డు రీసెట్: జీఎం, జీఎస్, ఎక్స్‌జీ, పానిక్... మీకు సరిపోయేది ఏది?

మిడి ఫైల్ ఆగితే పాట అయిపోతుంది గానీ, ఆ పాట కీబోర్డులో చేసిపోయిన మార్పులు అలాగే ఉండిపోతాయి. ఫైల్‌లో ఉండేది శబ్దం కాదు, వరస ఆదేశాలు. నాలుగో ఛానెల్లో (ఒక్కో వాయిద్యానికి ఒక్కో దారి, మొత్తం 16) వయొలిన్లు పెట్టు, వాల్యూమ్ 70కి దించు, పిచ్ బెండ్ (స్వరాన్ని జార్చడం) 12 సెమీటోన్ల దాకా వెళ్లనివ్వు అని చెప్పి వెళ్లిపోతుంది. మళ్లీ ఎవరైనా వచ్చి మార్చమనే దాకా కీబోర్డు అదే పట్టుకుని కూర్చుంటుంది.

అందుకే రిహార్సల్లో ఒక్కో పాటా విడిగా వేసుకున్నప్పుడు అంతా బాగుంటుంది. గాజువాకలో చవితి పందిరి దగ్గరో, ఎంవీపీ కాలనీలో రిసెప్షన్‌లోనో పాటలు వరసగా వేసినప్పుడే తేడా బయటపడుతుంది. ఫ్లూట్ బిట్ రావాల్సిన చోట టకటకా డ్రమ్స్ మోగుతాయి. వెనకనుంచి రిథమ్ ప్యాడ్ కుర్రాడు "ఏటిది బావా, ఫ్లూట్ ఛానెల్లో కాంగో మోగుతోందేటి?" అని అరుస్తాడు. ఫైల్ పాడైందనుకుని పెన్‌డ్రైవ్ మార్చేవాళ్లే ఎక్కువ. నిజానికి ఫైల్ బాగానే ఉంది. దానికి ముందు వేసిన పాట 11వ ఛానెల్ని రెండో డ్రమ్ ఛానెల్‌గా మార్చి, అలాగే వదిలేసింది. అంతే.

దీనికి మందు రీసెట్ అని అందరికీ తెలుసు. కానీ రీసెట్ అనే పేరుతో ఐదారు రకాల పనులున్నాయి. ఒక్కోటి ఒక్కో లోతు దాకా వెళ్తుంది. ఏది వాడాలన్నది నా లెక్క ప్రకారం ఫైల్ని బట్టి తేల్చకూడదు. ముందు మీ దగ్గరున్న పెట్టె (కీబోర్డో, కీలు లేని సౌండ్ మాడ్యూలో) ఏదో చూడాలి. తర్వాత, ఆ పెట్టె మీద పాట నడుస్తుండగా ఎవరైనా చేత్తో కూడా వాయిస్తున్నారా అన్నది చూడాలి. ఈ రెండూ తేలితే ఎంపిక దాదాపు అయిపోయినట్టే.

పానిక్ బటన్: మోత ఆపడానికి మాత్రమే

చాలా ప్లేయర్లలో, సీక్వెన్సర్లలో పానిక్ అనే మీట ఉంటుంది. అది ఎక్కువగా పంపేది 123వ కంట్రోలర్ (కంట్రోలర్ అంటే ఛానెల్‌కి పంపే, నంబరున్న ఆదేశం), అంటే ఆల్ నోట్స్ ఆఫ్. మోగుతున్న స్వరాల్ని వదిలేయమని చెప్పడం దాని పని. ఇందులో ఒక మెలిక ఉంది. సస్టెయిన్ పెడల్ నొక్కి ఉన్న స్థితిలో పాట ఆగిపోయిందనుకోండి, ఆల్ నోట్స్ ఆఫ్ వచ్చినా స్వరాలు ఆగవు. పెడల్ వదిలితేనే ఆగుతాయి. 120వ కంట్రోలర్, ఆల్ సౌండ్ ఆఫ్, పెడల్‌తో పని లేకుండా వెంటనే నోరు మూయిస్తుంది. మీ ప్లేయర్లో రెండిట్లో ఒకటి ఎంచుకునే వీలుంటే 120 ఎంచుకోండి.

కొన్ని ప్లేయర్లు ఇంకా మొండిగా 16 ఛానెళ్లలో 128 స్వరాలకీ విడివిడిగా నోట్ ఆఫ్ పంపుతాయి. అంటే 2048 మెసేజ్‌లు. మామూలు ఐదు పిన్నుల మిడి కేబుల్లో సెకనుకి 3125 బైట్లే వెళ్తాయి కాబట్టి, అవన్నీ దాటడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. యూఎస్‌బీలో అయితే పెద్దగా తెలియదు. పాత మాడ్యూల్‌కి పాత కేబుల్ వాడేవాళ్లు ఈ రకం పానిక్ నొక్కి వెంటనే తర్వాతి పాట స్టార్ట్ చేస్తే మొదటి బార్ చితికిపోతుంది.

ఎలా పంపినా పానిక్ స్వరాల్ని ఆపుతుంది, అంతే. వాల్యూమ్, వాయిద్యం, బెండ్ రేంజ్, డ్రమ్ ఛానెల్ అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. పాటల మధ్య రీసెట్‌గా ఇదొక్కటే వాడేవాళ్లున్నారు. చాలదు.

121: సగం రీసెట్

121వ కంట్రోలర్‌కి రీసెట్ ఆల్ కంట్రోలర్స్ అన్న పేరు చూస్తే అన్నీ సర్దుకుంటాయనిపిస్తుంది. 121 మాడ్యులేషన్‌ని సున్నాకి తెస్తుంది, పెడళ్లు వదిలిస్తుంది, పిచ్ బెండ్‌ని మధ్యకి లాగుతుంది, ఎక్స్‌ప్రెషన్‌ని 127 చేస్తుంది. వాల్యూమ్, ప్యాన్, రివర్బ్, కోరస్, బ్యాంకు (వాయిద్యాల జాబితా), వాయిద్యం మాత్రం ముట్టుకోదు. అది లోపం కాదు, మిడి ప్రమాణంలోనే అలా రాసుంది.

బెండ్ రేంజ్ సంగతి ఇంకా చిత్రం. మొదటి పాటలో ఫ్లూట్ జారుల కోసం రేంజ్‌ని 12 సెమీటోన్లు చేశారనుకోండి. రెండో పాట రాసినవాడు రేంజ్ మామూలుగా 2 ఉంటుందన్న ధీమాతో బెండ్లు రాశాడు. 121 పంపినా రేంజ్ 12 దగ్గరే ఉంటుంది. రెండో పాటలో ఒక స్వరం పైకి వెళ్లాల్సిన జారు షడ్జమం నుంచి పైషడ్జమం దాకా పాకుతుంది. గాయకుడు మైకు దించి కీబోర్డు వైపు చూస్తాడు.

కాబట్టి 121 మీద ఆధారపడేవాళ్లు దానికి తోడుగా తామే ఒక చిన్న సెట్ తయారు చేసుకోవాలి. ఛానెల్‌కి ఇంత: 120, 121, తర్వాత బెండ్ రేంజ్ కోసం 101వ కంట్రోలర్‌లో 0, 100లో 0, 6లో 2, 38లో 0, మళ్లీ 101, 100 రెండిట్లోనూ 127. వాల్యూమ్ 7లో 100, ప్యాన్ 10లో 64, రివర్బ్ 91లో 40, కోరస్ 93లో 0. బ్యాంకు 0, 32 రెండూ సున్నా (ఎక్స్‌జీ పెట్టెలో డ్రమ్స్ ఉండే పదో ఛానెల్‌కి మాత్రం 0లో 127), ఆఖర్న ప్రోగ్రామ్, అంటే వాయిద్యం నంబరు. 16 ఛానెళ్లకీ కలిపి 704 బైట్లు, పాత కేబుల్లో కూడా పావు సెకను లోపే అయిపోతుంది.

దీని లాభం ఏమిటంటే మీకు కావలసిన ఛానెళ్లకే పంపొచ్చు. ఒక ఛానెల్ని చేత్తో వాయించేవాడికి వదిలేసి మిగతా పదిహేనింటినీ కడిగేయొచ్చు. కింద చెప్పే పెద్ద రీసెట్లలో ఆ వెసులుబాటు లేదు. నష్టం: జీఎస్ తరహా డ్రమ్ ఛానెల్ మార్పులు, ఎఫెక్ట్ రకాలు, ఫిల్టర్ సవరణలు, స్కేల్ ట్యూనింగ్ దీనికి అందవు.

జీఎం, జీఎస్, ఎక్స్‌జీ

అసలు పోలిక ఈ మూడింటి మధ్యే. ఇవి ఛానెల్ మెసేజ్‌లు కావు, సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ మెసేజ్‌లు. పెట్టె మొత్తానికి ఒకేసారి 'మొదటికి రా' అని చెప్తాయి. సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా హెక్స్ (16 ఆధారంగా రాసే అంకెలు) అడుగుతాయి, నేను ఇక్కడ మామూలు అంకెల్లో ఇస్తున్నాను. కంప్యూటర్ కాలిక్యులేటర్లో ప్రోగ్రామర్ మోడ్ పెడితే మార్చుకోవడం నిమిషం పని.

జీఎం సిస్టమ్ ఆన్: 240 126 127 9 1 247

జీఎస్ రీసెట్: 240 65 16 66 18 64 0 127 0 65 247

ఎక్స్‌జీ సిస్టమ్ ఆన్: 240 67 16 76 0 0 126 0 247

జనరల్ మిడి 1991లో వచ్చింది. రోలాండ్ జీఎస్ కూడా ఆ ఏడాదే సౌండ్ కాన్వాస్ ఎస్‌సీ-55తో వచ్చింది. యమహా ఎక్స్‌జీ 1994లో ఎంయూ80తో మొదలైంది. జీఎం అందరిదీ, మిగతా రెండూ కంపెనీల సొంత విస్తరణలు. జీఎం 2 అని 1999లో ఇంకోటి వచ్చింది. దాని మెసేజ్‌లో చివరి 1 బదులు 3 ఉంటుంది. మన దగ్గర తిరిగే ఫైళ్లలో అది అరుదు కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

జీఎం ఆన్ మంచితనం దాని 127లో ఉంది. ఆ అంకెకి 'ఏ పెట్టె అయినా సరే విను' అని అర్థం. అందుకే డివైజ్ ఐడీ (ఒక్కో పెట్టెకి పెట్టుకునే నంబరు) గొడవ లేదు. చెడ్డతనం కూడా ఉంది. కొన్ని రోలాండ్ సౌండ్ కాన్వాస్ మాడ్యూళ్లు జీఎం ఆన్ అందుకున్నాక బ్యాంకు మార్పుల్ని, ఎన్ఆర్‌పీఎన్‌లని (ఫిల్టర్ లాంటి అదనపు సవరణల ఆదేశాల్ని) పట్టించుకోవడం మానేస్తాయి. జీఎం అంటే 128 వాయిద్యాలే కదా, మిగతావి ఎందుకని వాటి లెక్క. తర్వాత వచ్చే పాట జీఎస్ ఫైల్ అయి, అందులో దాని సొంత జీఎస్ రీసెట్ లేకపోతే, వెరైటీ టోన్లు (అదనపు బ్యాంకుల్లోని వాయిద్యాలు) ఒక్కటీ రావు. పాట నడుస్తుంది, కానీ రంగు పోయిన ఫొటోలా ఉంటుంది. ఇలాంటి మాడ్యూల్ ఉన్నవాళ్లు పాటల మధ్య జీఎం ఆన్ కాకుండా జీఎస్ రీసెట్ పెట్టుకోవడమే మేలు. జీఎస్ రీసెట్ తర్వాత మామూలు జీఎం ఫైళ్లు కూడా సరిగ్గానే పలుకుతాయి.

జీఎస్ రీసెట్‌కి రెండు తాళాలున్నాయి. అందులోని 16 డివైజ్ ఐడీ. ప్యానెల్ మీద అది 17గా కనబడుతుంది. ఎవరి దగ్గరో అరువు తెచ్చిన మాడ్యూల్లో 18 పెట్టి ఉంటే మీ రీసెట్ తలుపు దగ్గరే ఆగిపోతుంది, ఎర్రర్ కూడా చూపదు. రెండోది ఆఖరి ముందున్న 65, చెక్‌సమ్, అంటే మెసేజ్ చెదరలేదని సరిచూసుకునే అంకె. 64, 0, 127, 0 కూడితే 191, అందులో 128 తీసేస్తే 63, దాన్ని 128లోంచి తీసేస్తే 65. మధ్యలో ఒక బైట్ చెదిరినా లెక్క కుదరదు, మాడ్యూల్ ఆ మెసేజ్‌ని పక్కన పడేస్తుంది. బీచ్ రోడ్డు ప్రోగ్రాముల్లో తిరిగే కేబుళ్ల పిన్నులు ఉప్పుగాలికి పచ్చబడి ఉంటాయి. వాటితో నోట్ ఆఫ్‌లు పోయి స్వరాలు ఇరుక్కోవడం ఒకటి, రీసెట్ కూడా పోవడం ఇంకొకటి. రీసెట్ ఒకసారి పని చేసి ఒకసారి చేయకపోతే సాఫ్ట్‌వేర్ని తిట్టే ముందు కేబుల్ మార్చి చూడండి.

ఎక్స్‌జీ ఆన్‌లో చెక్‌సమ్ లేదు, డివైజ్ నంబరు మాత్రం ఉంది. యమహా పీఎస్ఆర్ కీబోర్డు మీ దగ్గరుంటే మొదటి ఎంపిక ఇదే. ఎక్స్‌జీలో బ్యాంకు 127 ఇస్తే ఏ ఛానెల్ అయినా డ్రమ్స్ అవుతుంది. అలా మారినవన్నీ ఎక్స్‌జీ ఆన్‌తో వెనక్కి వచ్చి పదో ఛానెల్ ఒక్కటే డ్రమ్స్‌గా మిగులుతుంది. ఎఫెక్టులు కూడా మొదటికి వస్తాయి.

ఇక్కడ పెళ్లిళ్లలో వాయించేవాళ్లకి ఒక మాట. సన్నాయి మేళంతో కలిసి వాయించేటప్పుడు కీబోర్డు ట్యూనింగ్ని సన్నాయికి తగ్గట్టు జరుపుతారు. యమహా పీఎస్ఆర్ మాన్యువళ్లు జీఎం ఆన్ వస్తే మాస్టర్ ట్యూనింగ్ తప్ప మిగతావన్నీ మొదటికి వస్తాయని రాస్తాయి. కాబట్టి అక్కడ ట్యూనింగ్ నిలుస్తుంది. సౌండ్ కాన్వాస్ తరహా మాడ్యూళ్లలో మాస్టర్ ట్యూన్ కూడా జీఎస్ పారామీటర్లలో ఒకటే. రీసెట్ పంపాక ఒక్క 'స' నొక్కి సన్నాయితో సరిచూసుకున్నాకే తర్వాతి పాట మొదలుపెట్టండి. రాగాల కోసం ఒక్కో స్వరాన్ని కాస్త దించో పెంచో స్కేల్ ట్యూనింగ్ వాడేవాళ్లకి ఇదే మాట అటుతిప్పి వర్తిస్తుంది: ఆ ట్యూనింగ్ తర్వాతి సినిమా పాటలోకి కారకుండా ఉండాలంటే చిన్న రీసెట్లు పనికిరావు, జీఎస్ లాంటి పెద్దదే కావాలి.

మూడూ కలిపి పంపేస్తే పీడా పోతుంది కదా అని అడుగుతారు. పంపొచ్చు, అర్థం కానిదాన్ని పెట్టె వదిలేస్తుంది. కానీ జీఎస్, ఎక్స్‌జీ రెండూ అర్థమయ్యే పెట్టెలున్నాయి. యమహా ఎంయూ మాడ్యూళ్లలో జీఎస్ ఫైళ్ల కోసం వేరే మోడే ఉంది. అలాంటి చోట ఆఖర్న వచ్చినదే చెల్లుతుంది. అందుకని మీ పెట్టె సొంత భాష ఏదో అది చివర్న ఉండాలి. యమహాకి జీఎం తర్వాత ఎక్స్‌జీ, రోలాండ్‌కి జీఎం తర్వాత జీఎస్. ఒక్కోదాని తర్వాత కాస్త విరామం తప్పనిసరి.

చేత్తో వాయించేవాడు కూడా ఉంటే

ఆర్కెస్ట్రాల్లో సగం గొడవ ఇక్కడే. ట్రాక్ నడిపించేదీ, లీడ్ వాయించేదీ ఒకే కీబోర్డు అయినప్పుడు పెద్ద రీసెట్ పంపితే వాయించేవాడు సెట్ చేసుకున్న టోన్ మీద కూడా దెబ్బ పడొచ్చు. రోలాండ్ జేవీ-1080 లాంటి సింథ్‌లకి జీఎం ఆన్ అందితే పర్ఫార్మెన్స్ మోడ్ వదిలేసి జీఎం మోడ్‌కి వెళ్లిపోతాయి. ఆర్టిస్టు రాత్రంతా కూర్చుని చేసుకున్న లేయర్లు కళాభారతి వేదిక మీద మాయమై గ్రాండ్ పియానో మిగులుతుంది. జీఎం ఆన్‌ని స్వీకరించవద్దని చెప్పే స్విచ్ సిస్టమ్ మెనూలో ఉంటుంది. దాన్ని ఆఫ్ చేసి, ట్రాక్ ఛానెళ్లకి మాత్రం పైన చెప్పిన 704 బైట్ల చేతి సెట్ పంపడం ఇలాంటివాళ్లకి సరైన దారి. ఇంకా మంచిది ట్రాక్‌ని వేరే చిన్న మాడ్యూల్‌కో ల్యాప్‌టాప్‌కో అప్పగించడం. అప్పుడు రీసెట్ దెబ్బ లీడ్ కీబోర్డుకి తగలదు.

ఫైళ్లలో 122వ కంట్రోలర్ ఉందేమో కూడా చూడండి. అది లోకల్ కంట్రోల్. ఆఫ్ చేసి వదిలేసిన ఫైల్ ఒకటి ప్లేలిస్టులో ఉంటే, కీలు ఎంత నొక్కినా శబ్దం రాదు. కీబోర్డు పాడైందని అందరూ టెన్షన్ పడతారు.

ఆపి ఆన్ చేయడం

కరెంటు తీసి పెట్టడం అన్నిటికంటే లోతైన రీసెట్టే. కానీ బూట్ అయ్యేదాకా యాంకర్ మాటలు సాగదీయాలి. మిక్సర్లో ఆ ఛానెల్ మ్యూట్ చేయడం మరిచిపోతే స్పీకర్లలో ధబ్‌మని ఒక శబ్దం. సేవ్ చేయని సెట్టింగులు పోతాయి. పెట్టె పూర్తిగా మొండికేసినప్పుడు తప్ప వద్దు. 255 అనే సిస్టమ్ రీసెట్ మెసేజ్ సంగతి కొందరు అడుగుతుంటారు. మిడి ఫైల్లో 255కి వేరే అర్థం ఉంది కాబట్టి దాన్ని ఫైల్లో నేరుగా పెట్టలేరు. పరికరాల్లో కూడా చాలావాటికి అది పట్టదు. దాన్ని పక్కన పెట్టేయండి.

రీసెట్ ఎక్కడ పెట్టాలి

ఏ రీసెట్ అన్నది తేలాక, ఎక్కడనుంచి పంపాలన్నది రెండో ఎంపిక. మూడు దారులున్నాయి: ప్రతి ఫైల్ మొదట్లో, ప్లేయర్ సెట్టింగుల్లో, లేదా పాటల మధ్య ఒక చిన్న రీసెట్ ఫైల్.

ఫైల్ మొదట్లో పెట్టడమే నాకు నచ్చేది. ఆ ఫైల్ ఎవరి దగ్గరకి వెళ్లినా శుభ్రంగా మొదలవుతుంది. కాకపోతే సరిగ్గా పెట్టాలి. జీఎస్, ఎక్స్‌జీ రీసెట్లు పూర్తవడానికి పెట్టెకి సుమారు 50 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లోపు వచ్చిన ప్రోగ్రామ్ మార్పులు గాలికి పోతాయి. 120 టెంపోలో బీటుకి అర సెకను, 4/4 బారుకి 2 సెకన్లు. బీటుకి 480 టిక్కులున్న ఫైల్లో 50 మిల్లీసెకన్లంటే 48 టిక్కులు. నెట్లో దొరికే పాత పాటల ఫైళ్లలో రీసెట్, వాయిద్యాలు, మొదటి స్వరం మూడూ సున్నా టిక్కు దగ్గరే కుక్కి ఉంటాయి. పాట మొత్తాన్ని ఒక బారు ఆలస్యంగా మొదలయ్యేలా జరపండి. సున్నా దగ్గర రీసెట్ ఒక్కటే ఉంచండి. 240వ టిక్కు నుంచి ఛానెల్ తర్వాత ఛానెల్‌గా వాయిద్యాలు, వాల్యూమ్‌లు పేర్చండి. రెండో బారులో పాట మొదలవుతుంది.

ప్లేయర్ సెట్టింగు తేలిక. క్యూబేస్‌లో ప్రిఫరెన్సెస్ మిడి విభాగంలో రీసెట్ ఆన్ స్టాప్ ఉంది. అయితే అది నోట్ ఆఫ్‌లు, కంట్రోలర్ల రీసెట్లే పంపుతుంది, జీఎస్ అంత లోతుకి పోదు. ల్యాప్‌టాప్‌లో ఫ్లూయిడ్‌సింత్ వాడేవాళ్లకి ఈ తలనొప్పి తక్కువ. కొత్త పాటకి ముందు సింత్‌ని రీసెట్ చేసే సెట్టింగు దాంట్లో మామూలుగానే ఆన్‌లో ఉంటుంది.

ప్లేయర్ ప్రతి స్టాప్‌కీ పెద్ద రీసెట్ పంపేలా పెట్టుకుంటే రిహార్సల్లో చిక్కు వస్తుంది. సింగర్ "రెండో చరణం నుంచి వేయండి" అంటారు. మధ్యలోంచి మొదలుపెడితే ఫైల్ మొదట్లోని వాయిద్యాల ఆదేశాలు రావు, రీసెట్ మాత్రం అయిపోయి ఉంది. అన్ని ఛానెళ్లూ పియానోలే. సీక్వెన్సర్లో చేజ్ అనే సదుపాయం ఆన్ చేస్తే వెనకున్న ఆదేశాల్ని ముందుగా ఏరి పంపుతుంది. అది లేని ప్లేయర్ అయితే రిహార్సల్లో పెద్ద రీసెట్ ఆఫ్‌లో ఉంచండి.

మూడోది రీసెట్ ఫైల్. ఒక సెకను నిడివి, లోపల మీ పెట్టె రీసెట్ ఒక్కటి. ఫైళ్లని కదిలించడం ఇష్టం లేనివాళ్లకి, పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా కీబోర్డులో వేసేవాళ్లకి ఇది బాగుంటుంది. ప్లేలిస్టులో ప్రతి పాటకీ ముందు దాన్ని పెట్టుకోవాలి. యాంకర్ పాట వరస మార్చినప్పుడల్లా అది తప్పిపోతుందన్నదే ఇబ్బంది.

చర్చిలో ఒక్క పీఎస్ఆర్‌తో పాటలు వేసేవాళ్లకి: ఫైల్ మొదట్లో ఎక్స్‌జీ ఆన్, ఇంకేమీ అక్కర్లేదు. పాత రోలాండ్ మాడ్యూల్‌తో ట్రాక్‌లు నడిపే ఆర్కెస్ట్రాకి: ఫైల్లో జీఎస్ రీసెట్, చేతిలో పానిక్. ట్రాక్, లీడ్ ఒకే సింథ్ మీదైతే: చేతి సెట్, జీఎం స్వీకారం ఆఫ్. ఏ పెట్టె దొరుకుతుందో తెలియక ఊళ్లు తిరిగేవాళ్లకి: జీఎం ఆన్, కాస్త విరామం, తర్వాత అక్కడి పెట్టె సొంత రీసెట్.

ఎంచుకున్నది పని చేస్తోందో లేదో తేల్చడానికి ఒక మురికి ఫైల్ తయారు చేసుకోండి. అన్ని ఛానెళ్లలో బెండ్ రేంజ్ 12, బెండ్ పైకి లాగి వదిలేయడం, పెడల్ నొక్కి ఉంచడం, ప్యాన్ ఎడమకి, వాల్యూమ్ 10, 11వ ఛానెల్ డ్రమ్స్‌గా. దాన్ని వేసి, మీ రీసెట్ పంపి, వెంటనే వాయిద్యాల ఆదేశాలు ఏమీ లేకుండా 16 ఛానెళ్లలో వరసగా ఒక్కో స్వరం పలికే ఇంకో చిన్న ఫైల్ వేయండి. జీఎం, జీఎస్, ఎక్స్‌జీలలో ఏదైనా సరిగ్గా అందితే పదో ఛానెల్లో డ్రమ్, మిగతా పదిహేనింటా ఒకే ఎత్తులో పియానో మధ్యలోంచి వినబడాలి. చేతి సెట్ అయితే జీఎస్ పెట్టెల్లో 11 డ్రమ్‌గానే మిగులుతుంది, అది అంతే. ఫోన్ నుంచి ఓటీజీ కేబుల్‌తో వేసేవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేయాలి. స్వరాలన్నీ సరిగ్గా పంపి, సిస్టమ్ ఎక్స్‌క్లూజివ్ మెసేజ్‌లని మాత్రం మింగేసే యాప్‌లు ఉన్నాయి. అలాంటి యాప్ దొరికితే యాప్ అయినా మార్చాలి, లేదా చేతి సెట్‌తో సరిపెట్టుకోవాలి.